వెన్నముద్ద ఏల జారదు?

చెన్నై నగరమునకు దక్షిణముగా సముద్రతీరము వెంబడి ఇంచుమించు 55 కిలోమీటర్లు పోయినచో మామల్లపురము వచ్చును. మనవారు మహాబలిపురమని పిలుచు ఊరు ఇదియే. 7వ శతాబ్దమున పల్లవరాజులు తొలిపించిన రథములను, గుహాలయములను చూచుటకు మన పాఠశాలల పిల్లలు విహారయాత్రలకు అచటికి పోవుచుందురు. ఆ శిల్పముల నడుమ, ఏ శిల్పియు ఉలి మోపని పెద్ద గుండు ఒకటి కలదు. దానిని కృష్ణుని వెన్నముద్ద యందురు. దాని యెత్తు ఇంచుమించు 6 మీటర్లు. వెడల్పు 5 మీటర్లు. బరువు 250 టన్నుల వరకు ఉండునని అంచనా. అంతటి గుండు చదును నేలపై నున్నచో వింత యేమియు లేదు. అది ఏటవాలుగా నున్న రాతిబండపై, తన ఒడలితో పోల్చినచో మిక్కిలి చిన్నదైన పాదము మోపి నిలిచియున్నది. చూచువారికి అది ఇప్పుడే జారి వచ్చి మీద పడునా యనిపించును. శతాబ్దములుగా అది జారలేదు. 1906 నుండి 1911 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన సర్ ఆర్థర్ లాలీ, 1908లో ఏడు ఏనుగులను పూన్చి దానిని కదలింపజూచెననియు, అది కదలలేదనియు చెప్పుదురు.

ఆ గుండునకు ప్రక్కనే, అదే రాతివాలుపై, పిల్లలు జారుడుబండ ఆట ఆడుచుందురు. ముప్పది కిలోల బాలుడు సర్రున జారిపోవును. 250 టన్నుల గుండు జారదు. ఇది యెట్లు? "గుండు బరువైనది కనుక కదలదు" అని మీలో పలువురు చెప్పుదురు. ఒక్క క్షణము ఆలోచింపుడు. బరువు హెచ్చినకొద్దీ క్రిందికి లాగు బలమును హెచ్చవలెను గదా! అట్లయిన బరువైన గుండే ముందుగా జారవలెను. కనుక ఆ సమాధానము చాలదు. సరియైన సమాధానమునకు ఘర్షణబలము యొక్క స్వభావమును తెలిసికొనవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది అదియే.

తెలుగు పండితులకు భౌతికశాస్త్రముతో పని యేమని కొందరు తలిదండ్రులు అడుగవచ్చును. పని కలదు. మన పిల్లలు వాలుతలపు లెక్కలలో తప్పుట చాల వరకు గణితము రాక కాదు. మాటల అర్థము మనసున పట్టక. "ఘర్షణ", "అభిలంబ ప్రతిచర్య", "గుణకము" అను మాటలను కంఠస్థము చేసి, వాని వెనుకనున్న వస్తువును చూడకుండుట చేత తప్పుచున్నారు. మాటలను విప్పి చెప్పుట భాషోపాధ్యాయుల పనియే గదా.

ఘర్షణమనగా ఒరపిడి. రెండు వస్తువులు ఒకదానిని మరియొకటి ఒరసికొని కదలునప్పుడు, లేక కదలబోవునప్పుడు, ఆ కదలికకు అడ్డుపడు బలమే ఘర్షణబలము. బంగారమును ఒరసి చూచు రాతిని ఒరగల్లు అనుట మీరెరుగుదురు. మన ఇరుగుపొరుగువారి తమిళ పాఠ్యపుస్తకములలో ఘర్షణకు "ఉరాయ్‌వు" అను పేరున్నది. మన "ఒరయు", వారి "ఉరాయ్" ఒక్క ద్రావిడధాతువు నుండి పుట్టిన తోబుట్టువులు. రేపు కళాశాలలో "ఫ్రిక్షన్" అని విన్నప్పుడు భయపడనక్కరలేదు; అది మీరెరిగిన ఒరపిడియే.

ఇక అభిలంబము. ఒక తలమునకు నిట్టనిలువుగా నుండు దిశయే దానికి అభిలంబము. బల్లపై పుస్తకము పెట్టినచో పుస్తకము బల్లను క్రిందికి నొక్కును. బల్ల పుస్తకమును అంతే బలముతో పైకి నెట్టును. ఈ ఎదురునెట్టుడునకే అభిలంబ ప్రతిచర్య యని పేరు. బల్ల చదునుగా నున్నంతవరకు ఈ బలము పుస్తకపు బరువునకు సమానము. బల్లను వాల్చినప్పుడు మాత్రము సమానము కాదు. ఇచటనే తొలి చిక్కు వచ్చుచున్నది.

50 సెంటీమీటర్ల పొడవు గల పలకను తీసికొని, ఒక కొన 30 సెంటీమీటర్ల యెత్తున నుండునట్లు వాల్పుడు. అప్పుడు దాని అడుగు, అనగా నేలపై ఆక్రమించు నిడివి, 40 సెంటీమీటర్లగును. దీనిపై 50 కిలోల పెట్టె యొకటి యున్నదనుకొందము. బరువు ఎల్లప్పుడును నిట్టనిలువుగా భూమి వైపునకే లాగును. కాని పెట్టె పలకలోనికి దిగిపోలేదు. పోగలిగినది పలక వెంబడి మాత్రమే. కనుక ఆ బరువును రెండు అంశములుగా విడదీసి చూడవలెను. పలక వెంబడి క్రిందికి లాగునది ఒకటి. పలకను అభిలంబముగా నొక్కునది మరియొకటి. మొదటి అంశము కావలెనన్నచో బరువును యెత్తుతో గుణించి పొడవుతో భాగింపవలెను: 50 × 30 ÷ 50 = 30 కిలోల బలము. రెండవది కావలెనన్నచో అడుగుతో గుణించి పొడవుతో భాగింపవలెను: 50 × 40 ÷ 50 = 40 కిలోల బలము. పై తరగతులవారు సైన్, కొసైన్ అని పిలుచునవి ఈ రెండు నిష్పత్తులే.

30, 40 కలిపిన 70 అగును గదా, బరువు 50 యే యేమని సందేహపడవలదు. దిశలు వేరైన బలములను మామూలు కూడికతో కలుపరాదు. 30 వర్గమును, 40 వర్గమును కూడిన 50 వర్గము వచ్చును, లెక్క సరిపోయినది. పలకను ఎత్తినకొద్దీ క్రిందికి లాగు అంశము పెరుగును, నొక్కు అంశము తగ్గును. అభిలంబ ప్రతిచర్య ఈ నొక్కునకు సమానమే గాని మొత్తము బరువునకు కాదు.

ఇప్పుడు ఘర్షణ మాట. తలములు ఎంత గట్టిగా నొక్కుకొనిన అంత హెచ్చు ఘర్షణ కలుగగలదు. కదలిక ఆరంభమగుటకు ముందు కలుగగల ఘర్షణలో మిక్కిలి పెద్దదానిని సీమాంత ఘర్షణ యందురు. సీమ యనగా హద్దు, అంతము నదియే. అది అభిలంబ ప్రతిచర్యలో ఎన్నవ వంతో తెలుపు సంఖ్యయే ఘర్షణ గుణకము. గుణకము 0.5 యన్నచో హద్దు ఆ ప్రతిచర్యలో సగమని అర్థము. గుణకము ఒరసికొను రెండు తలముల స్వభావమును బట్టి యుండును గాని వస్తువు బరువును బట్టి యుండదు.

విద్యార్థులారా, ఇక చెప్పబోవు మాటను జాగ్రత్తగా చదువుడు. గుణకమును ప్రతిచర్యతో గుణించినచో వచ్చునది ఘర్షణకు హద్దు మాత్రమే, ఘర్షణ కాదు. వస్తువు నిశ్చలముగా నున్నంతవరకు ఘర్షణ ఎంత కావలెనో అంతే పుట్టును. ఒక్క వీసమైనను హెచ్చు పుట్టదు. గాదెలో నూరు బస్తాల ధాన్యమున్నను ఇంటికి కావలసినది రెండు బస్తాలే యైనచో రెండే తీయుదుము. గాదె కొలత వేరు, తీసిన కొలత వేరు. సీమాంత ఘర్షణ గాదె; అప్పటికప్పుడు పనిచేయు ఘర్షణ తీసిన ధాన్యము. గాదె చాలనప్పుడే వస్తువు జారును.

ఈ భేదమును మరచినచో ఎంతటి విపరీతము కలుగునో వెన్నముద్ద పైననే చూతము. లెక్క సులభముగా నుండుటకై వాలును మనమే ఊహింతము: 25 మీటర్ల పొడవునకు 7 మీటర్ల యెత్తు, 24 మీటర్ల అడుగు. రాతిపై రాతికి ఘర్షణ గుణకము 0.6 అనుకొందము. బరువు 250 టన్నులు. వాలు వెంబడి క్రిందికి లాగు బలము 250 × 7 ÷ 25 = 70 టన్నులు. అభిలంబ ప్రతిచర్య 250 × 24 ÷ 25 = 240 టన్నులు. దానిని 0.6తో గుణించిన 144 టన్నులు వచ్చును. పరీక్షలలో పలువురు ఇచట "ఘర్షణ = 144 టన్నులు" అని వ్రాసి ముందునకు పోవుదురు. అది నిజమైనచో క్రిందికి 70, పైకి 144. తేడా 74 టన్నుల బలము గుండును పైకి త్రోయవలెను. అనగా ఎవరును తాకకుండగనే వెన్నముద్ద తనంతట తాను కొండ ఎక్కవలెను! అట్టి వింతను ఎవరును చూడలేదు. నిజమేమనగా, లాగునది 70 టన్నులు కనుక అడ్డుపడు ఘర్షణయు సరిగా 70 టన్నులే. 144 దాని హద్దు. మిగిలిన 74 టన్నులు గాదెలో నిలువయున్న ధాన్యము.

ఏనుగుల కథయు ఈ లెక్కతో తేటపడును. మన ఊహాలెక్కలోని గుండును క్రిందికి జార్పవలెనన్నచో ఆ 74 టన్నుల నిలువను కూడ హరింపవలెను. ఏనుగు ఒక్కొక్కటి 4 టన్నులనుకొనిన ఏడింటికి 28 టన్నులు. ఏనుగు దేనినైనను లాగవలెనన్నచో దాని పాదములు నేలను పట్టి నిలువవలెను. ఆ పట్టు కూడ ఘర్షణయే. పాదములకు, చదును నేలకు నడుమ గుణకము 0.6 యే యైనచో ఏడును కలిసి 16.8 టన్నులకు మించి లాగలేవు. అంతకు మించినచో వాని కాళ్ళే జారును. 74 ఎక్కడ, 16.8 ఎక్కడ! ఇది జారుటకు సంబంధించిన లెక్క మాత్రమే. గుండు పొర్లకుండుటకు వేరొక నియమము కలదు: దాని గురుత్వకేంద్రము నుండి దింపిన నిలువుగీత అది ఆనియున్న పాదములోపలనే పడవలెను. వెన్నముద్ద ఈ రెండు నియమములను తీర్చుచున్నది కనుకనే నిలిచియున్నది.

ఇక ముప్పది కిలోల బాలుడు ఏల జారెను? ఇంటిలోనే ప్రయోగము చేసి తెలిసికొనవచ్చును. ఒక నున్నని పలకపై పాఠ్యపుస్తకము నుంచి, పలక ఒక కొనను మెల్లమెల్లగా ఎత్తుడు. పుస్తకము జారనారంభించిన క్షణమున ఆపి యెత్తును, అడుగును కొలువుడు. ఎత్తు 20, అడుగు 40 సెంటీమీటర్లైనచో 20 ÷ 40 = 0.5. అదియే ఆ పుస్తకమునకు, ఆ పలకకు నడుమ ఘర్షణ గుణకము. వాలు అప్పుడు చేయు కోణమునకు ఘర్షణ కోణమని పేరు. ఇప్పుడు ఆ పుస్తకముపై మరి మూడు పుస్తకములు పేర్చి కట్టి, మరల ఎత్తి చూడుడు. బరువు నాలుగింతలైనను ఇంచుమించు ఆ యెత్తుననే జారును. కారణమేమన, క్రిందికి లాగు బలమును, ఘర్షణ హద్దును, రెండును బరువుతో సమముగా పెరుగును. కనుక పోలికలో బరువు కొట్టుపడిపోవును. మిగులునది ఎత్తు, అడుగు, గుణకము మాత్రమే. ఎత్తును అడుగుతో భాగించిన ఫలము గుణకమును మించినచో జారును, మించనిచో నిలుచును. గుండు బరువైనందున నిలువలేదు, బాలుడు తేలికైనందున జారలేదు. గరుకురాతిపై గరుకురాతికి గుణకము హెచ్చు. పిల్లలు జారిజారి నున్ననైన బండపై నూలుబట్టకు గుణకము తక్కువ. భేదమంతయు అచటనే యున్నది. వాలు కూడ అన్నిచోట్ల ఒక్కటిగా నుండదు సుమా.

ఈ నియమములను కనుగొనుటకు లోకమునకు చాలకాలము పట్టినది. ఇటలీ దేశపు లియొనార్డో డా విన్సీ 15వ శతాబ్దపు చివర వీనిని గుర్తించి తన పుస్తకములలో వ్రాసికొనెను గాని ప్రకటింపలేదు. ఫ్రాన్సు దేశమున అమాంతన్ 1699లో వీనిని మరల కనుగొని ప్రకటించెను. 18వ శతాబ్దపు నడిమి కాలమున గణితవేత్త ఆయిలర్ వాలుతలము సాయముననే నిలిచియున్న వస్తువునకు గల స్థైతిక ఘర్షణను, కదలు వస్తువునకు గల గతిక ఘర్షణను వేరుపరచి చూపెను. 1785లో కూలుంబ్ పెక్కు ప్రయోగములతో వీనిని స్థిరపరచెను. పుస్తకము జారనారంభించిన తరువాత వేగము హెచ్చుచు పోవుట మీ ప్రయోగమున చూతురు. గతిక ఘర్షణ సీమాంత ఘర్షణకంటె సాధారణముగా తక్కువ యగుటయే దీనికి హేతువు.

ఘర్షణ ఎప్పుడును వాలు వెంబడి పైకే పనిచేయుననుట మరియొక పొరపాటు. దానికి స్థిరమైన దిశ లేదు. కదలికకు ఎదురుదిశయే దాని దిశ. జార్జిటౌను వీధులలో హమాలీలు లారీకి పలక వాల్చి సరుకులెక్కించుట మీరు చూచియుందురు. వెనుకటి పలకనే తీసికొందము: 50 కిలోల పెట్టె, క్రిందికి లాగు బలము 30, ప్రతిచర్య 40, గుణకము 0.5, కనుక ఘర్షణ హద్దు 20. స్థైతిక, గతిక ఘర్షణల భేదమును ఇప్పటికి విడుతము. హమాలీ పలక వెంబడి పైకి 10 కిలోల బలముతో ఆనినచో ఘర్షణ 20 తోడై పెట్టె జారకుండ నిలుచును. అతడు 30తో ఆనినచో ఘర్షణ సున్న యగును. 40తో నెట్టినచో పెట్టె ఇంకను కదలదు. కాని ఘర్షణ ఇప్పుడు క్రిందికి తిరిగి 10 అగును. 50తో నెట్టినప్పుడు హద్దు చేరును. అంతకు కొంచెము మించిన పెట్టె పైకి సాగును. 10 నుండి 50 వరకు ఎంత బలము పెట్టినను పెట్టె ఉన్నచోటనే యుండుట, ఆ మధ్య ఘర్షణ తన పరిమాణమును, దిశను కూడ మార్చుకొనుట గమనింపదగినది.

ఈ పలకపై 50 కిలోల పెట్టెను నెట్టుటకు 50 కిలోల బలమే కావలసివచ్చినది. నిట్టనిలువుగా ఎత్తుటకును అంతే కావలెను. పలక వలన ఒరిగినదేమి? వాలు తగ్గింపవలెను. లారీ యెత్తు 120 సెంటీమీటర్లైనచో ఈ పలక పొడవు 2 మీటర్లు. దానికి బదులు ఇంచుమించు 4.3 మీటర్ల పలక వేసినచో, 25కు 7 వాలు వచ్చును. అప్పుడు లాగు బలము 14, ప్రతిచర్య 48, ఘర్షణ 24. నెట్టుటకు 38 కిలోల బలము చాలును. పైగా నడుమ అలసి చేయి తీసినను పెట్టె జారదు, ఏలయన 14 కంటె 24 పెద్దది. బలము తగ్గినను దూరము రెట్టింపు దాటినది; ఒరపిడికి వ్యర్థమగు శ్రమ పెరిగినది. అందుచేతనే పీపాలను నెట్టక దొర్లింతురు. దొర్లుడు ఘర్షణ జారుడు ఘర్షణకంటె మిక్కిలి తక్కువ.

తలిదండ్రులకు ఒక్క మాట. అక్టోబరు నుండి డిసెంబరు వరకు మన నగరమున ఈశాన్య ఋతుపవనపు వానలు కురియును. పొడిగా నున్నప్పుడు 0.6 గల రాతివాలు, తడిసి పాచి పట్టినచో ఆ గుణకము బాగుగా పడిపోవును. 25కు 7 వాలుపై గుణకము 7 ÷ 24, అనగా ఇంచుమించు 0.29కి దిగినచో, బాలుడైనను పెద్దవాడైనను, బరువుతో నిమిత్తము లేకుండ జారి తీరవలసినదే. మేము బరువైనవారము, నిలద్రొక్కుకొందుమని తలచుట వ్యర్థము. కోనేటి గట్టుననైనను, వంతెన దిగు వాలుననైనను వానలో నెమ్మదిగా పోవుమని పిల్లలకు చెప్పునప్పుడు ఈ లెక్కను కూడ చెప్పుడు. ఉత్త ఆజ్ఞకంటె కారణము బాగుగా మనసున నిలుచును.

మరియొక మాట. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పై చదువున ఇంగ్లీషు. ఈ మూటి నడుమ మా పిల్లలు నలిగిపోవుదురేమోయని మీరు దిగులుపడుట మేమెరుగుదుము. ఒక భావము తల్లిభాషలో ఒక్కసారి స్పష్టముగా పట్టుపడినచో, దానికి రెండవ పేరును, మూడవ పేరును నేర్చుట కొన్ని దినముల పని. భావము పట్టుపడకుండ పేర్లు మాత్రమే నేర్చినవానికి ఏ భాషలోనైనను గుండు కొండ ఎక్కుచునే యుండును.

విద్యార్థులకు ఒక లెక్క నిచ్చి ముగింతుము. 13 అడుగుల పొడవు, 5 అడుగుల యెత్తు, 12 అడుగుల అడుగు గల వాలుపై 26 కిలోల మూట కదలక యున్నది. ఘర్షణ గుణకము 0.5. మూటపై పనిచేయు ఘర్షణ ఎంత? పండ్రెండని వ్రాసినవారు ఈ వ్యాసమును మరల మొదటి నుండి చదువవలెను.